కనపడనమ్మ మోకాళ్ళు

ఈలమ్మగారు మనిషి లేని చోటుతో మాట్లాడతారు. మాట్లాడడమంటే పరధ్యానంలో గొణుక్కోవడం కాదు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఎదురుగా ఎవరో చెమటలు కక్కుతూ నిలబడ్డట్టే చూస్తూ, "తల్లీ, మోకాళ్ళు లోపలికి పోతున్నాయి. బయటికి తియ్యి" అంటారు. ఎదురుగా ఉండేదల్లా ఒక రబ్బరు చాప, దాని మీద పిడి ఉన్న ఒక ఇనుప గుండు. మోకాళ్ళు కాదు కదా, కాళ్ళున్న కుర్చీ కూడా ఉండదక్కడ.

ఈ ఒక్కటీ తీసేస్తే ఆవిడంత తిన్ననైన మనిషి ఇంకొకరు లేరు. బీరువా అంత మనిషి. గుడ్డ బూట్లు వేసుకుంటారు కాబట్టి అడుగుల చప్పుడు వినబడదు. మెళ్ళో నల్ల తాడుకి ఒక ఈల. ఆవిడ మన వెనకాలకి వచ్చారని తెలిసేది సబ్బు వాసన వల్లే. అసలు పేరు ఎవరికీ తెలియదు, అడగాలని తోచేది కూడా కాదు. ఆ ఈల వింటే ఎవరికైనా ముందు తోచేది పరుగెత్తడం.

ఆవిడ జిమ్ము ఒక పాత కోల్డ్ స్టోరేజిలో ఉండేది. వీధి మీంచి ఒక వాలుదారి భూమిలోకి దిగుతుంది, ఒకప్పుడు సరుకుల బళ్ళ కోసం వేసింది. దాని చివర జానెడు మందం తలుపు. లోపల కిటికీ అన్నదే లేదు. నేల నుంచి కప్పు దాకా గోడలకి రేకులు తాపడం చేసి ఉన్నాయి. పళ్ళబుట్టలు పోయి ఏళ్ళయినా చలి మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు. ఆ రేకుల్లో మన ఆకారాలు కనబడతాయి గానీ మొహాలు కనబడవు. పొడుగ్గా సాగిన ఒళ్ళు, తల ఉండాల్సిన చోట మసక మరక. మొదటి రోజు చూసినవాళ్ళు రెండోసారి అటు చూడరు.

పద్ధతి మాత్రం చాలా సులువు. గదిలో గుండ్రంగా స్టేషన్లు. ఒక చోట బార్‌బెల్ నేల మీంచి లేపాలి, ఒక చోట డంబెల్స్ తల మీదికెత్తాలి, ఒక చోట ఇసుక మూట మొయ్యాలి, ఒక చోట గుండు పట్టుకుని గుంజీలు, ఒక చోట బోర్లా పడుకుని ముంజేతుల మీద ఒంటిని నిలబెట్టాలి. ఈల ఊదితే మొదలు. మళ్ళీ ఊదితే ఆపి, పక్క స్టేషన్‌కి జరగాలి. కాళ్ళు, వీపు, భుజాలు, పొట్ట, ఒంట్లో ఏ భాగమూ తప్పించుకోలేదు. ఎంతమంది వచ్చినా, వాళ్ళకన్నా ఒక స్టేషన్ ఎక్కువే వేస్తారు ఈలమ్మగారు. ఆ ఖాళీ కూడా అందరితో పాటే ఈలకి జరుగుతుంది. అందులో ఉండే ఆవిడకి జిమ్ములో వాళ్ళు పెట్టుకున్న పేరు కనపడనమ్మ.

అలాంటి చోటికి ఒకరోజు ప్రూఫులాయన దిగి వచ్చాడు. అచ్చుకి వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం ఆయన పని. సన్నటి మనిషి. జేబులో ఎర్ర కలం లేకపోతే గాలికి ఎగిరిపోతాడేమో అనిపించేవాడు.

"ఏం కావాలి?" అన్నారు ఈలమ్మగారు.

"మా అక్కని ఎత్తాలండి."

కండలు కావాలని వచ్చినవాళ్ళున్నారు, పొట్ట పోవాలని వచ్చినవాళ్ళున్నారు. అక్కని ఎత్తడానికి వచ్చినవాడు మాత్రం ఆయనొక్కడే.

"ఎంత బరువుంటారు?"

"అడిగే ధైర్యం లేదండి."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఎత్తారా?"

"ఎత్తానండి. పడేశాను."

ఈలమ్మగారు నవ్వలేదు. ఎలా ఎత్తారో చూపించమన్నారు. ప్రూఫులాయన గాల్లో రెండు మోచేతులు ఉన్నాయనుకుని, వాటిని వేలికొసలతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, "అక్కా, లే" అన్నాడు. జరిగిందంతా ఆ ఒక్క భంగిమలో ఉంది. అక్క స్నానాల గదిలో స్టూలు మీంచి లేవలేకపోయింది. తనని పెంచి పెద్దచేసిన అక్కని ఒంటికి ఆనించుకుని లేపడానికి ఈయనకి సిగ్గు, భయం, గౌరవం మూడూ అడ్డొచ్చాయి. పింగాణీ కప్పుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కింద పడ్డారు. ఈయనకి కళ్ళజోడు పగిలింది, ఆమెకి తుంటి ఎముక విరిగింది.

ఆపరేషనయి అక్క ఆసుపత్రిలో ఉంది. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. మంచంలో ఉన్నా గొంతు మాత్రం మూడు వార్డులకి వినబడేది. ఇంట్లో ఉండేది ఆమె, ఈయన, ఇద్దరే. మధ్యలో వాడైన అన్నయ్య ఊరవతల ఉంటాడు. ఆయన ఒక వృద్ధాశ్రమంలో అక్కకి గది చూసేశాడు.

"నువ్వు మళ్ళీ పడేస్తే ఈసారి ఎముకలేరుకోవాలిరా. అక్కడైతే చూసుకునే మనుషులుంటారు" అన్నాడు అన్నయ్య. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ప్రూఫులాయనకి కూడా దొరకలేదు.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్క దారి వదిలింది. "ఆవిడని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మీరొక్కరే మార్చాలి. నా కళ్ళముందు చేసి చూపించండి. చెయ్యగలిగితే ఇంటికి పంపిస్తాం, లేకపోతే మీ అన్నయ్యగారు చెప్పినట్టే."

అక్క తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసింది. "ఒరేయ్, నన్ను ఆశ్రమంలో పెడితే నేను దర్జాగా బతుకుతాను. పొయ్యేది నువ్వే. పుస్తకం ముందు కూర్చుంటే అన్నం తినాలని నీకు గుర్తుచేసేదెవరు?" అంది. ఆ మాట హాస్యానికే అన్నా, చివర్లో ఆమె గొంతు కొంచెం జీరపోయింది. ఆ జీర విన్నందుకే ఆయన ఆ వాలుదారి దిగాడు.

మొదటి రోజు ఈలమ్మగారు ఆయన్ని సరిగ్గా ఖాళీ స్టేషన్‌కి ముందు నిలబెట్టారు. దాని అర్థం ఆయనకి రెండో ఈలకి గానీ తెలియలేదు. ఆయన పక్కకి జరిగితే ఖాళీ కూడా జరిగి ఆయన వదిలిన చోటికి వచ్చింది. మళ్ళీ జరిగితే మళ్ళీ వచ్చింది. గదంతా తిరిగినా అది ఆయన వెనకాలే తిరిగింది. ఆ వెనక చోటుకి ఎదురుగా ఈలమ్మగారు ఈయనకి వీపు పెట్టి నిలబడి, రేకు గోడ వైపు చూస్తూ, మెత్తటి గొంతుతో చెప్పేవారు.

"తల్లీ, మడమ లేస్తోంది. నేలకి ఆనించు. ఆఁ, అలాగ. బాగుంది."

ప్రూఫులాయన పై ప్రాణాలు పైనే పోయాయి. గుండు పట్టుకుని గుంజీలు తీస్తున్నవాడు భయంతో కాళ్ళు బిగించేసరికి మడమలు నేలకి అంటుకుపోయాయి. ఆ సంగతి ఆయన గమనించలేదు. గమనించే స్థితిలో లేడు.

పాతవాళ్ళకి ఇదంతా అలవాటే. పళ్ళ డాక్టరమ్మ ఖాళీ చాప దాటాల్సి వస్తే, "ఎక్స్‌క్యూజ్ మీ అండీ, కొంచెం" అని పక్కనుంచి ఒదిగి వెళ్ళేది. బస్సు డ్రైవరు పెద్ద మీసాలాయన, ఎంత బరువైనా అవలీలగా ఎత్తేవాడు గానీ, ఆ చోటుకి వీపు చూపించమంటే మాత్రం చచ్చినా ఒప్పుకోడు, పీత నడిచినట్టు అడ్డంగా నడిచేవాడు. ఒకే ఇంటి తోడికోడళ్ళు ఇద్దరు వచ్చేవారు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇద్దరూ కనపడనమ్మతో మాట్లాడేవారు.

"చూశావమ్మా, కొందరికి తుడుచుకున్న తువ్వాలు తీసి ఆరేసుకోవడం కూడా రాదు" అనేది పెద్దామె ఖాళీ వైపు తిరిగి.

"కొందరికి పక్కవాళ్ళ తువ్వాళ్ళ మీదే కళ్ళు, కదమ్మా" అనేది చిన్నామె అదే ఖాళీ వైపు తిరిగి.

కనపడనమ్మ ఎవరి పక్షమూ తీసుకునేది కాదు. ఆ ఇంట్లో ఇన్నాళ్ళకి దొరికిన నిఖార్సయిన పెద్దమనిషి ఆవిడే.

ఆవిడ ఎవరన్నదాని మీద తలో కథ ఉండేది. ఐసు గదిలో ఇరుక్కుపోయిన పనిమనిషని డ్రైవరు అంటాడు. ఈలమ్మగారి కవల చెల్లెలని తోడికోడళ్ళు అంటారు. అదొక్కటే వాళ్ళిద్దరికీ కుదిరిన మాట. ఒకసారి డ్రైవరే తెగించి అడిగాడట.

"మేడమ్, ఆవిడ ఎవరండీ?"

"ఎవరు?"

"అదే, మీరు మాట్లాడుతుంటారే."

"కొత్తగా చేరింది. బిడియం ఎక్కువ. మీరలా గుడ్లప్పగించి చూస్తే రేపట్నుంచి రాదు."

డ్రైవరు ఆ రోజు బస్సు తియ్యడానికి ముందు స్టీరింగు పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. "ఎప్పుడడిగినా కొత్తగా చేరిందే అంటారండీ. ఏళ్ళ తరబడి కొత్తగా చేరుతోందంటే ఏమిటి దానర్థం?" అనేవాడు ప్రూఫులాయనతో, చుట్టూ చూసుకుని.

ప్రూఫులాయనకి ఇంకో అనుమానం. తప్పులు పట్టడం వృత్తి కాబట్టి ఆ బుర్ర ఊరుకోదు. ఈలమ్మగారు చెప్పేవి ఆ స్టేషన్‌కి నప్పేవి కావు. కనపడనమ్మ బోర్లా పడుకుని చెయ్యాల్సిన చోట ఉంటే, "తల్లీ, మోకాళ్ళు బయటికి" అంటారు. డంబెల్స్ తల మీదికెత్తే చోట ఉంటే, "పొట్ట జారిపోతోంది, పైకి లాక్కో" అంటారు. ఒక పేజీలో తప్పుకి ఇంకో పేజీలో గుర్తు పెట్టినట్టుంది ఈ వ్యవహారం అనుకున్నాడు. పాపం పెద్దావిడకి పిచ్చి ఉంటే ఉంది, అది కూడా వరసలో లేదు అని జాలిపడ్డాడు. జాలిపడుతూ మోకాళ్ళు బయటికి తీసుకునేవాడు.

పగటివేళే అయినా ఆ గదిలో కొన్ని విషయాలు ఆయనకి కొరుకుడు పడేవి కావు. ఈల పడగానే అందరూ ఆగిపోతారు. అందరి రొప్పూ ఒక్కొక్కటిగా సర్దుకుంటుంది. అప్పుడు కూడా ఇంకో ఊపిరి మాత్రం వినబడుతూ ఉంటుంది, తొందర లేకుండా. గొట్టాల్లో గాలి అనేది డాక్టరమ్మ. గాలైతే ఈల పడగానే ఎందుకు మొదలవ్వాలి అనేవాడు డ్రైవరు. ఆ తర్వాత ఇద్దరూ మాట మార్చేవారు.

ఇంకోటి, చాప మీద తడి అడుగులు. ఆయన వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ చాప మీద చెమట తడిసిన రెండు పాదాలు కనబడేవి. తనవే అయ్యుండాలి, ఇప్పుడే అక్కణ్ణుంచి జరిగాడు కాబట్టి. కానీ తన పాదాలు చిన్నప్పట్నుంచీ ఒకదాన్నొకటి చూసుకుంటూ లోపలికి తిరిగి ఉంటాయి, అక్క ఎన్నిసార్లు వెక్కిరించిందో. ఇవి తిన్నగా, కుదురుగా, భుజాల వెడల్పున ఉన్నాయి. అవి ఆరిపోయేదాకా చూసి, ఈల పడ్డా కదలకుండా నిలబడిపోయాడు ఒకరోజు.

"తల్లీ, నిలబడి ఏం చూస్తున్నావ్?" అన్నారు ఈలమ్మగారు, ఖాళీతోనే.

రోజూ జిమ్ము నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళేవాడు. అక్కకి ఈ కబుర్లు వినకపోతే తోచేది కాదు. "ఇవాళ ఏమందిరా ఆవిడతో?" అనేది మంచం మీద కూర్చుని.

"మెడ ముందుకి వేలాడుతోందట."

"మోకాళ్ళు బాగుపడ్డాయా?"

"అవి ఎప్పుడో బాగుపడ్డాయక్కా. ఇప్పుడు మెడే."

పుస్తకాల మీద వంగి వంగి ముందుకి సాగిన తమ్ముడి మెడ వైపు చూసి, అక్క దుప్పటి సర్దుకుంది. "బుద్ధిగా వెళ్ళు. మానకు" అంది.

ఇసుక మూట దగ్గర మాత్రం ఆయన పని ముందుకి సాగలేదు. మూట లేచేది కానీ చేతుల చివర వేలాడేది, రెండడుగులు వేసేసరికి జారి దభీమని పడేది. పడ్డప్పుడల్లా ఆయనకి స్నానాల గది గుర్తొచ్చేది. ఒకరోజు అది జారబోతుండగా ఈలమ్మగారి గొంతు మామూలుకన్నా తగ్గి వినిపించింది.

"తల్లీ, పరాయి సామాను పట్టుకున్నట్టు పట్టుకున్నావేమిటి? గుండెకి ఆనించుకో. దూరంగా పట్టుకుంటే ఎంత చిన్న బరువైనా కిందికే లాగుతుంది. అది నీదే. సిగ్గుపడకు."

ప్రూఫులాయన మూటని హత్తుకున్నాడు. గడ్డం దాని మీద ఆనింది. కళ్ళు మూసుకుని నడిస్తే గది చివరి దాకా వెళ్ళిపోయాడు. ఏడుపొచ్చింది. ఇసుక మూటని పట్టుకుని ఏడుస్తున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనని చెమట తుడుచుకున్నట్టు నటించాడు.

సరిగ్గా మర్నాడే కరెంటు పోయింది. అలాంటి చీకటి ఇళ్ళల్లో ఉండదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ప్రూఫులాయన చేతుల్లో మూట ఉంది. ఎక్కడ దించాలో తెలియదు. ఎవరూ మాట్లాడలేదు, తోడికోడళ్ళు కూడా. ఆ నల్లటి నిశ్శబ్దంలో, ఆయన ఎడం చెవికి బెత్తెడు దూరంలో గుసగుసగా వినిపించింది.

"తల్లీ, ఊపిరి బిగబట్టావు. వదులు. ముందు ఊపిరి వదులు, తర్వాత బరువు."

వదిలాడు. అప్పటిదాకా బిగబట్టి ఉన్నాడని వదిలాక తెలిసింది. మోకాళ్ళు మడిచి మూటని మెల్లగా నేలకి దించాడు. లైట్లు వెలిగేసరికి ఈలమ్మగారు గదికి ఆ చివర, తలుపు పక్కన మెయిన్ స్విచ్చు దగ్గర నిలబడి ఉన్నారు.

"నా ముందునుంచే వెళ్ళారండి అటు. తిరిగి రాలేదు, ఒట్టు" అన్నాడు డ్రైవరు. రేకు గోడల మధ్య గుసగుస ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో చెప్పలేం అంది డాక్టరమ్మ. అందరూ ఆ మాటనే గట్టిగా పట్టుకున్నారు.

అంతలో అన్నయ్య ఫోను. ఆశ్రమంలో గది అనుకున్నదానికన్నా ముందే ఖాళీ అయిందట, ఇంక ఆగరట. రేపే చూపించెయ్, అవుతుందో కాదో తేలిపోతుంది అన్నాడు. ప్రూఫులాయన ఈలమ్మగారికి చెప్పాడు. ఆవిడ ఎప్పట్లాగే ఆయన పక్కనున్న గాలి వైపు తిరిగారు.

"తల్లీ, రేపు అక్కడ నేనుండను. ఏం ఫరవాలేదు. నువ్వుంటావుగా."

వాలుదారి ఎక్కి మిట్టమధ్యాహ్నం వీధిలో పడ్డా వీపు మీద చల్లగానే ఉంది. మర్నాడు ఆసుపత్రి లిఫ్టు ఎక్కాక, తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డుపెట్టి ఒక క్షణం ఆపాడు. ఎందుకు ఆపాడో లిఫ్టులో ఉన్న మిగతావాళ్ళకి చెప్పలేదు. అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర మర్యాదైన జవాబు లేదు.

గదిలో అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫిజియో అమ్మాయి కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది. అక్క మంచం అంచున కూర్చుని కాళ్ళు కిందికి పెట్టింది. నోరు మెదపలేదు. ఆమె నోరు మెదపకుండా ఉండడం ప్రూఫులాయన జీవితంలో చూడలేదు. అదే అన్నిటికన్నా భయపెట్టింది. పడిపోయిన రోజు చప్పుడు ఇంకా ఆమె చెవుల్లోనే ఉందని అర్థమైంది.

ఆయన చేతులు చాచాడు. వేళ్ళు అలవాటుగా మోచేతుల కొసల దగ్గరికే పోయాయి. అక్కడే ఆగిపోయాయి. కాళ్ళు కదల్లేదు. అన్నయ్య నిట్టూర్చాడు.

"ఇంక చాల్లేరా" అన్నాడు.

అప్పుడు ప్రూఫులాయన మంచం పక్కన ఎవరూ లేని చోటు వైపు తిరిగాడు. తల కొంచెం వంచాడు.

"తల్లీ, పాదాలు తిన్నగా పెట్టు" అన్నాడు.

ఫిజియో అమ్మాయి అటు చూసింది. అన్నయ్య అటు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మోకాళ్ళు బయటికి. పొట్ట లాక్కో. మెడ వేలాడెయ్యకు. దూరంగా పట్టుకోకు తల్లీ, గుండెకి ఆనించుకో. సిగ్గుపడకు. ఊపిరి వదులు."

వదిలాడు. రెండు చేతులూ అక్క వీపు చుట్టూ వేసి దగ్గరికి హత్తుకున్నాడు. లేచాడు. ఆమె కూడా లేచింది. ఇద్దరూ కలిసి మెల్లగా తిరిగారు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాక కూడా కాసేపు వదల్లేదాయన. మళ్ళీ అలాగే మంచం మీదికి మార్చాడు. ఫిజియో అమ్మాయి కాగితం మీద సంతకం పెడుతూ కూడా ఆ మూల వైపే చూస్తోంది.

"ఎవరితోరా మాట్లాడావు?" అన్నాడు అన్నయ్య, గోడకి అతుక్కుని.

ప్రూఫులాయన జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. పాదాలు, మోకాళ్ళు, పొట్ట, మెడ. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కళ్ళముందుకొచ్చాయి. కనపడనమ్మ చేసిన తప్పుల్లో తను చెయ్యని తప్పు ఒక్కటి కూడా లేదు. ఆవిడ ఏ స్టేషన్‌లో ఉన్నా, తిట్టు మాత్రం తనున్న స్టేషన్‌కే సరిపోయేది. ఈలమ్మగారు చూసింది గోడని కాదు, గోడ రేకులో కనబడుతున్న తనని. చాప మీది తిన్నని పాదాలూ తనవే. లోకంలో అందరి తప్పులకీ ఎర్ర గీత పెట్టినవాడికి, రోజూ చెవిలో చదివి వినిపించిన తన తప్పులు కనబడలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. నర్సు వచ్చి మంచినీళ్ళిచ్చింది.

జిమ్ములో చెబితే మొదట డ్రైవరు ఒప్పుకోలేదు. "మోకాళ్ళేమిటండీ? ఆవిడ మోకాళ్ళు శుభ్రంగా ఉండేవి. నేను చేరిన కొత్తలో నడుం వంకరగా పెట్టేది గానీ."

"నడుమా? కాదే, భుజాలు చెవుల దాకా లేపేది" అంది డాక్టరమ్మ.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డ్రైవరు చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్ళింది. డాక్టరమ్మ భుజాలు దించింది. ఈ సంగతి ఈలమ్మగారి దగ్గర ఎత్తకూడదని అక్కడికక్కడే తీర్మానం చేసుకున్నారు. ఆ రోజు నుంచి అందరూ కనపడనమ్మకి ఇంకా ఎక్కువ భయపడ్డారు, ఈలమ్మగారి మనసు నొచ్చుకోకుండా. డ్రైవరు మాత్రం నటించనక్కర్లేదన్నాడు, తనకి నిజంగానే భయమట.

ఇంటికి వచ్చిన అక్క మాత్రం ఏ తీర్మానానికీ ఒప్పుకునే మనిషి కాదు. "ఆ ఈలమ్మని నేను చూడాలి, తీసుకెళ్ళు" అని పట్టుబట్టింది. చక్రాల కుర్చీలో వాలుదారి మీంచి దించాడు. లోపలి చలికి శాలువా కప్పుకుని, గది నాలుగు వైపులా చూసి, "శవాల గదిలా ఉందిరా" అంది, గట్టిగానే. కూర్చునే ఎత్తమని ఆమె చేతికి రెండు చిన్న డంబెల్స్ ఇచ్చారు ఈలమ్మగారు. ఈల పడింది. ఈలమ్మగారు మెల్లగా పక్క ఖాళీ వైపు తిరిగారు.

"తల్లీ, మణికట్టు వాలిపోతోంది..."

"ఏమమ్మా, నాతో అను" అంది అక్క. "జీవితమంతా చెవులతోనే బతికాను. ఆ మాట ఏ లైనులో వెళ్ళాలో నాకు తెలియదా?"

గది గడ్డకట్టిపోయింది. డంబెల్ ఎత్తిన డ్రైవరు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఈలమ్మగారు, ఆ బీరువా అంత మనిషి, చిన్నపిల్లలా ఎర్రబడ్డారు. ఈల నోట్లో పెట్టుకున్నారు, ఊదలేదు, తీసేశారు.

"మొహం మీద చెబితే మనిషి ఆ తప్పుని ఇంటికి మోసుకుపోతాడు వదినగారూ" అన్నారు చివరికి. "రాత్రంతా దాన్నే చూసుకుని, మర్నాడు రాడు. ఈ చోటుకైతే ఇల్లు లేదుగా, ఎన్ని తప్పులైనా ఇక్కడే ఉంటాయి."

"బాగానే ఉంది. ఇంతమంది తప్పులు పాపం ఆవిడ నెత్తిన వేస్తే ఆవిడ ఏమైపోవాలి?"

ఈలమ్మగారు ఖాళీ చాప వైపు చూశారు. ఈసారి రేకు వైపు కాదు, చాప వైపే. "ఏమవుతుంది? ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉంది. ఇప్పుడు ఈ గదిలో అందరికన్నా బలం ఆవిడకే" అన్నారు, చాలా మామూలుగా.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక, తొందర లేని ఆ ఊపిరి ఇంకాస్త సేపు వినిపించింది. పెద్ద తోడికోడలు చిన్న తోడికోడలి చెయ్యి పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు.

వెళ్ళేటప్పుడు డ్రైవరు కుర్చీ తోస్తానని వచ్చాడు. ప్రూఫులాయన వద్దన్నాడు, అక్కని తనే తీసుకెళ్ళాలని ఆయన పంతం. దిగడం వేరు, ఎక్కడం వేరు. వాలుదారి సగంలో తొడలు మండిపోయాయి, కుర్చీ అంగుళం వెనక్కి జారింది. పాదాలు తిన్నగా పెట్టాడు. ఊపిరి వదిలాడు. ఉన్నట్టుండి కుర్చీ తేలికైపోయింది. ఎడం పక్కన ఎవరో చెయ్యి వేసినట్టే బరువు సగమైపోయి, చక్రాలు గలగలా పైకి దొర్లాయి. మిగతావాళ్ళంతా ఇంకా లోపలే ఉన్నారు, వాళ్ళ మాటలు కింది నుంచే వినిపిస్తున్నాయి. ఆయన పక్కకి చూడలేదు. చూడమన్నా చూసేవాడు కాదు.

పైన వీధిలోకి వచ్చి ఎండ పడ్డాక, అక్క శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది. తల తిప్పి, తమ్ముడి వైపు కాదు, ఎడం పక్కకి చూసింది.

"చల్లగా ఉండమ్మా. ఇంక వెళ్ళు, వీడికి అలవాటైపోతుంది" అంది.